డిక్కీ కారులో వెనక సీటు

రిటైరై ఇంట్లో కూర్చున్నానని అందరూ అంటారు గానీ, నేను కూర్చునేది తక్కువ. చోడవరంలో మా ఇల్లు వడ్డాది రోడ్డు మీదే ఉంది. కారు చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో కాఫీ గ్లాసుతోనే లేచి అరుగు మీదికి వస్తాను. ఎవరి కారని కాదు. వెనక ఎంతమంది ఎక్కారు, బండి ఎంత కిందికి దిగింది, మలుపులో ఉన్న స్పీడ్ బ్రేకర్‌కి పొట్ట తగులుతుందా లేదా అని. తగిలిన చప్పుడు వచ్చిందంటే నా కడుపులో ఏదో గీసుకున్నట్టు ఉంటుంది. లోపలికి వెళతాను, మంచం మీద నడుం వాలుస్తాను, ఇంకో కారు వస్తుంది, మళ్ళీ లేస్తాను.

"ఆ రోడ్డుకి మిమ్మల్నేటైనా కాపలా పెట్టేరా?" అంటుంది మా ఆవిడ.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ కార్లు అమ్మాను. షోరూము అనకాపల్లిలో. నాకిచ్చిన ఏరియా చోడవరం, మాడుగుల, రోలుగుంట. నేను మానేశాక ఆ ఏరియాలోకి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. రోలుగుంట పిల్ల, చురుకైనది. ఏదైనా చిక్కు వస్తే స్కూటీ వేసుకుని మా ఇంటికి వచ్చేస్తుంది. ఈమధ్య అలాగే వచ్చి, అరుగు మీద కూలబడి, ఒక ప్రశ్న అడిగింది.

"బాబాయ్, డిక్కీ కారు మంచిదా, ఎత్తు బండి మంచిదా అని కస్టమరు అడిగితే ఏటి సెప్పాలి? రెండూ మంచివే అని సెప్పమంటన్నారు మా మేనేజరు. అలా సెప్తే ఆళ్ళు నా మొహం ఓసారి సూసి ఎల్పోతన్నారు."

మా వైపు సెడాన్‌ని డిక్కీ కారంటారు. ఎస్‌యూవీని ఎత్తు బండి అంటారు. కంపెనీ వాళ్ళు పెట్టే పేర్లకంటే ఈ రెండు పేర్లే నయం. ఏది దేనికి పనికొస్తుందో పేరులోనే ఉంది.

"ఎవరా కస్టమరు?" అన్నాను.

"వడ్డాది రోడ్డులో అప్పలనాయుడు గారు. పాత డిక్కీ కారు ఇచ్చేసి ఎత్తు బండి తీసుకుంటానంటన్నారు. ఆళ్ళావిడేమో ఆ కారు ఇవ్వనంటన్నాది. ఆవిడకి డయాలసిస్ కదా, ఆసుపత్రికి దాంట్లోనే ఎల్తాదంట. ఇద్దరూ నా ఎదురుగానే దెబ్బలాడుకున్నారు."

ఆ పేరు విన్నాక నాకు ఆ పూట కూర్చోబుద్ధి కాలేదు. ఆ డిక్కీ కారు అమ్మింది నేనే. నాయుడు గారి భార్య రమణమ్మ అప్ప వారంలో మూడుసార్లు విశాఖ వెళ్ళి రావాలి, బతికున్నన్నాళ్ళూ వెళ్ళాలి. ఆ దారి ఆమెకు ఏ కారులో సుఖంగా ఉంటుందన్నది బేరం మాట కాదు. ఇది లావణ్యకి నోటితో చెప్పగలిగింది కాదనిపించి రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళెవరికైనా ఉపయోగపడితే సంతోషం.

మాట్లాడని మనిషి

కార్లు అమ్మడమంటే ఇంజను గురించి చెప్పడమని నేనూ అనుకునే చేరాను. పల్లెకి డెమో కారు తీసుకెళితే ఏమవుతుందో కొన్నాళ్ళకి గాని తెలియలేదు. ఇంటి యజమాని బానెట్ ఎత్తమంటాడు, ఎత్తి చూసి తల ఊపుతాడు. అక్కడ ఏముందో ఆయనకీ తెలియదు, నాకూ అంతంతమాత్రమే. కొడుకు స్క్రీన్ నొక్కుతుంటాడు. కోడలు రంగు చూస్తుంది. వీధిలో వాళ్ళంతా వచ్చి టైర్లు తడుముతారు. ఇంతమందిలో ఒకరు మాత్రం గోడకి చేరబడి నిలబడతారు. ఒక ముసలమ్మో, కాలు విరిగి కట్టు కట్టించుకున్న మామగారో, నెలలు నిండిన కూతురో. వాళ్ళని ఎవరూ అడగరు.

నేను వాళ్ళనే ముందు ఎక్కించేవాడిని. వెనక సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, కాసేపు అలా వదిలేసి, అప్పుడు దిగమనేవాడిని. దిగేటప్పుడు వాళ్ళ చెయ్యి దేన్ని పట్టుకుంటుందో చూసేవాడిని. ఆ చెయ్యి చూస్తే కారు ఆ ఇంటికి సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. మా షోరూములో దీన్ని సత్తిబాబు చాదస్తం అనేవారు. సత్తిబాబంటే నేనే.

ఇక డిక్కీ కారు సంగతి. దాని మంచి ముందు చెప్తాను. వెనక సీటు దాని ప్రాణం. ఎత్తు తక్కువ కాబట్టి మలుపుల్లో ఊగదు, వెనకున్నవాళ్ళకి కడుపులో తిప్పదు. లోపల చప్పుడు తక్కువ. కాళ్ళు చాపుకోవచ్చు. పెట్రోలు దగ్గర పొదుపు. అన్నిటికంటే, సామాను వేరు, మనుషులు వేరు. అనకాపల్లి నుంచి బెల్లం దిమ్మలు వేసుకొచ్చినా, ఎండుచేపల గంప పెట్టుకొచ్చినా, ఆ వాసన, ఆ చీమలు డిక్కీలోనే ఉంటాయి. పెళ్ళికి వెళుతూ పట్టుచీరకి ఎండుచేపల వాసన అంటించుకున్న కుటుంబం ఒకటి ఉంది. విడిగా డిక్కీ లేని చిన్న కారు ఇచ్చేసి డిక్కీ కారు కొనడానికి వాళ్ళు చెప్పిన కారణం అదొక్కటే.

చెడు కూడా అంతే ఉంది. పొట్ట కిందికి ఉంటుంది. మన ఊళ్ళలో స్పీడ్ బ్రేకరు ఎవరి ఇంటి ముందు వాళ్ళు వేసుకుంటారు, దానికి కొలతా పాడూ ఉండదు. చెరకు ట్రాక్టర్లు తిరిగిన బాటలో మధ్య మిట్ట మిగిలిపోతుంది, దాని మీద కారు కూర్చుండిపోతుంది. వెనక ముగ్గురు అంటారు గానీ, మధ్యలో కూర్చున్నవాడి కాళ్ళ కింద గట్టు ఉంటుంది, ఆ సీటు ఎప్పుడూ ఇంట్లో మాట చెల్లనివాడికే. డిక్కీ లోతు ఎక్కువే గానీ నోరు చిన్నది, బియ్యం బస్తా వంగి ఎత్తి పెట్టాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దాంట్లోకి కూలబడడం సులువు, లేవడం కష్టం. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి.

మా మేనేజరు గారు

నా మీద చాలామంది మేనేజర్లు పనిచేశారు. పేరు చెప్పను గానీ ఒకాయన్ని మాత్రం మరిచిపోలేను. సిటీ మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. పల్లెకి వస్తే కారు దిగేవాడు కాదు. "కస్టమరు ముందు 'కానీ' అనే మాట వాడకు సత్తిబాబూ" అనేవాడు. "మంచిదే, కానీ అన్నావంటే ఆ 'కానీ' పట్టుకుని ఇంటికి వెళ్ళిపోతాడు." ఈయనకి అమ్మడమే తెలుసు, మనుషులు తెలియదు అనుకునేవాడిని. సగం నిజం. సందు ఇరుకని తెలిసి కూడా ఒకాయనకి పెద్ద బండి అంటగట్టాడు. ఆ బండి ఇప్పటికీ వాళ్ళ ఇంటికి వెళ్ళదు, రోడ్డు మీద బడ్డీకొట్టు పక్కనే నిద్రపోతుంది.

మిగతా సగం నాకు మాడుగులలో తెలిసింది. హల్వా కొట్టు నడిపే ఆయన ఒకరు డిక్కీ కారు చూడటానికి పిలిచారు. నిజాయితీగా ఉండాలని పొట్ట సంగతి, టైర్ల సంగతి, మోకాళ్ళ సంగతి, మధ్య సీటు సంగతి, ఎండాకాలం ఏసీ సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఒక హల్వా పొట్లం చేతిలో పెట్టి పంపించేశారు. ఏ కారూ కొనలేదు. మేనేజరు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పొట్లం విప్పి హల్వా తింటూ, "నువ్వు ఆయనకి నిజం చెప్పలేదు, భయం చెప్పావు" అన్నాడు. "ఆయన కొట్టు రోడ్డు మీద, ఇల్లు కొట్టు వెనక. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆయనకి తగిలే లోపం ఏదో అది ఒక్కటి చెప్పు. ఊళ్ళో వాళ్ళందరి లోపాలూ ఆయనకి ఎందుకు?"

ఇస్త్రీ చొక్కా మీద నాకున్న చులకన ఆ రోజు సగం పోయింది. కొత్తగా వచ్చేవాళ్ళు ఈ ఒక్క మాట పట్టుకోండి. కారుకి మంచీ చెడూ ఉండవు. ఆ ఇంటికి ఉంటాయి.

రమణమ్మ అప్ప

అప్పలనాయుడు గారిది వడ్డాదికి ఇవతల ఊరు. చెరకు, వరి, మెట్టలో కొంచెం ఉలవలు. మనిషి గట్టివాడు, నోరు పెద్దది. ఎత్తు బండి కావాలని షోరూముకి ఒక్కడే వచ్చాడు. మాటల్లో భార్యకి కిడ్నీలు పాడయ్యాయనీ, వారంలో మూడుసార్లు విశాఖలో డయాలసిస్ అనీ తెలిసింది. దగ్గరలో కూడా చేస్తున్నారట గానీ, మొదట్నుంచీ చూస్తున్న డాక్టరు మీద ఆవిడకి గురి. అద్దె జీపులో తీసుకెళుతున్నాడు.

"ఆవిడ్ని తీసుకురండి నాయుడు గారూ, ఎక్కి చూస్తారు" అన్నాను.

"దానికి కార్లేటి తెలుస్తాయి?"

"నాకు తెలవాలి గదండీ."

ఒకటి నేనూ, ఒకటి షోరూము డ్రైవరూ నడుపుకుంటూ డెమో కార్లు రెండూ వాళ్ళ ఊరు తీసుకెళ్ళాం. రమణమ్మ గారు గోడకి చేరబడి నిలబడి ఉంది. కాళ్ళకి నీరు, ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ముందు ఎత్తు బండి ఎక్కించాం. నాయుడు గారు రెండు చంకల్లో చేతులు వేసి ఎత్తాడు. సబ్బవరం వైపు బయల్దేరితే వెంకన్నపాలెం దాటకుండానే ఆపమంది, రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. ఆ రోజుల్లో ఎత్తు బండ్లు ఇప్పటికంటే ఎక్కువ ఊగేవి.

ఇంటికి తీసుకొచ్చి, కాసేపు ఆగి డిక్కీ కారు ఎక్కించాం. అద్దంలో చూస్తూ నడుపుతున్నాను. వెంకన్నపాలెం దాటింది, ఏమీ అనలేదు. సబ్బవరం రాకముందే తల వెనక్కి వాల్చి నిద్రపోయింది. నాయుడు గారు వెనక్కి తిరిగి చూశాడు. అంత నోరున్న మనిషి గొంతు తగ్గించి, "ఈ దార్లో ఎప్పుడూ నిద్దరోలేదు సత్తిబాబూ" అన్నాడు. ఆమెకి మెలకువ రాకూడదని నేను కారు నెమ్మది చేశాను. అమ్మకం సంగతి అప్పుడు నాకు గుర్తు లేదు.

వాళ్ళ ఇంటికి తిరిగి వచ్చాక చిక్కు వచ్చింది. ఆమె లేవలేకపోయింది. సీటు కిందికి ఉంది, మోకాళ్ళలో బలం లేదు. నాయుడు గారు వంగి ఎత్తబోతే చెయ్యి తోసేసింది.

"నన్ను మూటలాగ ఎత్తకు. ఆసుపత్రి గుమ్మంలో దించినప్పుడల్లా అందరూ సూస్తన్నారు. నా కాళ్ళ మీద నేను దిగాల."

డిక్కీ కారుకి ఉన్న పెద్ద లోపం సరిగ్గా ఆమెకే తగిలింది. ఆమే ఇంట్లోంచి ఒక పాత నేతచీర తెమ్మంది. తలుపు పైన లోపలి వైపు చెయ్యి పట్టుకోవడానికి పిడి ఉంటుంది కదా, దానికి ఆ చీరని ఉయ్యాలకి కట్టినట్టు పేని కట్టించింది. రెండు కాళ్ళూ ముందు బయట పెట్టింది, రెండు చేతులతో చీర పట్టుకుంది, ఊపిరి బిగబట్టి లేచి నిలబడింది. నిలబడి మొగుడి వైపు చూసింది.

"కొత్త కారులో పాత సీరేటే, పరువు పోతాది" అన్నాడాయన.

"పరువు నాది కూడాను" అంది ఆమె.

డిక్కీ కారే కొన్నారు. ఆ రోజు నుంచి ఆమె నాకు రమణమ్మ అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. సర్వీసుకి వచ్చినప్పుడల్లా మెకానిక్కులు ఆ చీర తీసేయబోతే నేను ఆపేవాడిని. అది కంపెనీ ఇచ్చిన పార్టు అని చెప్పేవాడిని.

ఉలవలు

నేను మానేశాక, మొన్న చలికాలంలో జరిగింది ఇది. మా వైపు ఉలవ చేను కోశాక ఆ కట్టలు తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుంది. లారీలకి, బస్సులకి ఏమీ కాదు. పొట్ట కిందికి ఉన్న కారుకి ఆ ఎండు తీగలు చుట్టుకుంటాయి, వేడెక్కిన సైలెన్సర్ గొట్టానికి తగిలితే అంటుకుంటాయి. స్పీడ్ బ్రేకర్ల గురించి నాయుడు గారికి వందసార్లు చెప్పాను గానీ, ఉలవల సంగతి నాకు తట్టలేదు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కాబట్టి తట్టలేదు.

ఆ రోజు రోడ్డు మీద పరిచినవి నాయుడు గారి ఉలవలే. ఆసుపత్రికి బయల్దేరాడు. వెనక సీట్లో అప్ప ఉంది. ఎలాగూ అటే వెళుతున్నాం కదా, పోతూ పోతూ మన ఉలవలు నాలుగుసార్లు తొక్కించి పోదామనుకున్నాడు. ముందుకీ వెనక్కీ తిప్పాడు, గింజ బాగా రాలిందని సంబరపడ్డాడు, అప్పుడు రోడ్డు పట్టాడు. కొంచెం దూరం వెళ్ళాక కాలిన వాసన వచ్చింది. చలికాలంలో చెరకు నరికిన మళ్ళలో ఆకు తగలబెడతారు, ఎక్కడ చూసినా ఆ వాసనే. ఎవరో ఆకు కాలుస్తున్నారనుకుని అద్దాలు ఎత్తేసి ఇంకా నడిపాడు. చివరికి మోటార్‌సైకిల్ మీద వెనకాల వస్తున్న ఆయన పక్కకి వచ్చి అరిచాడు.

నాయుడు గారు కారు ఆపి దూకాడు. కింద మంట. పరుగెత్తి పక్క మడిలోని బోరు దగ్గర బకెట్ తీసుకుని నీళ్ళు పట్టడం మొదలుపెట్టాడు. వెనక సీట్లో అప్ప నిద్రలో ఉంది.

ఆ సంగతి ఆమె నోటితోనే విన్నాను. మంటలు ఆరిపోయాయి, కింద కొన్ని వైర్లు, ప్లాస్టిక్కు కాలాయి, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. దారిన పోయే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళి, ఆలస్యంగానైనా డయాలసిస్ చేయించుకుని వచ్చారు. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి ఆమె మంచం మీద కూర్చుని నవ్వుతోంది.

"ఈయన కారుకి నీళ్ళు పోస్తన్నాడు బాబూ. నన్ను మరిసిపోనాడు. పొగకి మెలకువొచ్చింది. సీర అట్టుకుని నేనే దిగేను. దిగి అల్లంత దూరం పోయి నిలబడి, నేను ఇక్కడున్నానయ్యా అని కేకేసేను."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. నాయుడు గారు నవ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి తుండుగుడ్డ మెలిపెడుతున్నాడు. బయటికి వచ్చాక నాతో అన్నాడు.

"బకెట్టు అట్టుకున్నాను గానీ డోరు తియ్యనేదు సత్తిబాబూ. ఆ కారు సూస్తే నాకు అదే కనబడతాది. కిందకున్న కారు ఇంక నా గుమ్మంలో ఉండకూడదు."

ఎత్తు బండి కావాలని లావణ్య దగ్గరికి ఆయన ఎందుకు వెళ్ళాడో, అప్ప ఎందుకు వద్దందో ఇప్పుడు మీకు తెలిసింది. ఆయనకి ఆ కారు తన తప్పు. ఆమెకి అది నిద్ర, పైగా తన కాళ్ళ మీద దిగనిచ్చిన కారు. ఇద్దరిలో ఎవరిది కాదంటాం?

మళ్ళీ సబ్బవరం రోడ్డు

లావణ్య వెళ్ళిపోయాక ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. మా ఆవిడ అన్నం తినమంటే తరవాత అన్నాను. మర్నాడు పొద్దున్నే లావణ్యకి ఫోన్ చేసి, ఎత్తు బండి డెమో తెమ్మన్నాను, నేనూ వస్తానన్నాను. రిటైరైన మనిషికి ఇందులో ఏం పని అని మీరు అడగొచ్చు. మా ఆవిడ అడిగింది కూడా.

వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి అప్ప పాత కారు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది, ఎవరైనా తోలుకుపోతారేమోనన్నట్టు.

"నువ్వూ ఆయన పక్కేనా?" అంది నన్ను చూసి.

"నేను నీ పక్కే అప్పా. ఓసారి ఎక్కి సూడు. నచ్చకపోతే ఆ బండిని ఈ లావణ్య గుంట ఎనక్కి తోలుకుపోతాది."

నా లెక్క నా దగ్గర ఉంది. ఎత్తు బండి ఎక్కడం కష్టం, దిగడం సులువు. డిక్కీ కారుకి ఇది తిరగేసి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆమెకి ఒంట్లో బలమే ఉండదు, అప్పుడు ఎక్కాలి. కాబట్టి ఎత్తు బండి ఆమెకు పనికిరాదు. పైగా ఊగుతుంది, నిద్ర రాదు. ఒకసారి తిప్పి చూపిస్తే నాయుడు గారికే తెలుస్తుంది, గొడవ తీరిపోతుంది. ఇంతకాలం ఈ పని చేసినవాడిని, ఫలితం ఏమిటో నాకు ముందే తెలుసు.

పీట వేసి, పాత చీర విప్పి ఈ బండి పిడికి కట్టి ఎక్కించాం. ఎక్కడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. నాయుడు గారి చేతులు ముందుకు వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాయి, ముట్టుకోలేదు. ఆయన వెనక ఆమె పక్కన కూర్చున్నాడు, లావణ్య నడిపింది. నేను ముందు సీట్లో కూర్చుని, ఎండకి అడ్డంగా దించే రేకులో ఉన్న చిన్న అద్దాన్ని వెనక సీటు కనబడేలా వంచుకున్నాను. ఆమె కళ్ళు మూతపడతాయా లేదా అన్నదే నా పరీక్ష.

వెంకన్నపాలెం వచ్చింది. మూతపడలేదు. ఒకసారి ముఖం చిట్లించి అద్దం దించమంది, గాలి తగిలాక సర్దుకుంది. సబ్బవరం దగ్గరపడింది. కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. ఇటు చూస్తోంది, అటు చూస్తోంది, మెడ తిప్పి వెనక్కి కూడా చూస్తోంది. ఆమెకి స్థిమితం లేదనుకున్నాను. నేను అనుకున్నట్టే అయింది. లావణ్యని పక్కకి ఆపమన్నాను.

"సూసేరు కదా నాయుడు గారూ" అన్నాను. "కునుకు కూడా రానేదు. అప్పకి డిక్కీ కారే మంచిది. కింద ఇనపరేకు ఏయిద్దాం, ఉలవల మీదకి ఎల్లకండి, అంతే."

నాయుడు గారు తల దించుకున్నాడు. "అలాగే కానియ్యి" అన్నాడు మెల్లగా.

"నన్ను అడగరేటి?" అంది అప్ప.

ముగ్గురం ఆమె వైపు తిరిగాం. ఆమె కిటికీ మీద చెయ్యి ఆనించి బయటికే చూస్తోంది.

"ఆ సెరువు ఎప్పట్నుంచి ఉన్నాది?"

"ఏ సెరువు? అదా? మన పెళ్ళికి ముందు నుంచీ ఉన్నాది" అన్నాడు నాయుడు గారు.

"నాకు కనబడనేదు. ఆ కారులో కూకుంటే లారీ సక్రాలు, గట్లు కనబడతాయి. తల వాలిస్తే కరెంటు తీగలు. ఇన్నేళ్ళ నుంచి ఎల్తన్నాను, ఈ దార్లో వంతెన కింద నీళ్ళున్నాయని ఈయేళే సూసేను. మళ్ళలో వరి ఉడుపులు సేస్తన్నారు. ఓ గుంట గట్టు మీద నిలబడి నాకు సెయ్యి ఊపింది."

"నిద్దర రానేదు కదా అప్పా" అన్నాను.

"ఆసుపత్రికి ఎల్లేక మంచం మీద పడుకోడమే. ఇంటికొచ్చేకా పడుకోడమే. మద్దిన ఈ దారొక్కటే ఉంది నాకు. అదీ నిద్దరోయి పోగొట్టుకున్నాను." ఆమె పిడికి కట్టిన చీర పట్టుకుంది. "ఎక్కడం కష్టమే. ఆ కష్టం నేను పడతాను. ఆయన సెయ్యేస్తే ఏయనీ, పరవానేదు. ఈ బండే తీసుకోండి."

నాయుడు గారు కిటికీ వైపు తిరిగి తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. నేను ఆ చిన్న అద్దాన్ని మళ్ళీ సరిగ్గా పెట్టేశాను.

డిక్కీ కారు మంచీ చెడూ పైన రాశాను. ఏదీ అబద్ధం కాదు, ఇప్పటికీ అవే చెప్తాను. కానీ ఒక లోపం నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చున్నాను. లావణ్యా, నువ్వు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇంతే. ఎక్కించు, దింపు, వాళ్ళ చెయ్యి చూడు. ఆ తరవాత నువ్వు మాట్లాడకుండా వాళ్ళనే అడుగు. నాకు తెలుసనుకున్న చోట నేను అడగలేదు.

బండి వచ్చాక కూడా అప్ప ప్రయాణం మా ఇంటి మీదుగానే. డిక్కీ కారులో వెళ్ళినన్నాళ్ళూ నా అరుగు మీంచి నాకు కారు కప్పు మాత్రమే కనబడేది. ఇప్పుడు కిటికీలో ఆమె ముఖం కనబడుతుంది. నన్ను చూసి చెయ్యి ఎత్తుతుంది, నేనూ ఎత్తుతాను. స్పీడ్ బ్రేకరు దగ్గర పొట్ట తగిలిందా లేదా అన్నది చూడటం మరిచిపోతున్నాను.

మొన్నొక పొద్దున కాలు నిలవక సంత వైపు వెళ్ళిపోయాను. అక్కడ ఉండగా నాయుడు గారి ఫోన్ వచ్చింది. ఏమైందని కంగారుగా అడిగాను.

"ఏటీ నేదు సత్తిబాబూ, సబ్బవరం దాటేం" అన్నాడు. "మీ అప్ప అడగమంది. ఈయేళ అరుగు మీద నువ్వు నేవేటి అని."

అప్పట్నుంచి ఆమె ఆసుపత్రికి వెళ్ళే పూట నేను ఎక్కడికీ పోవడం లేదు. కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నాను.